బాడ్మాస్, మా బా కూలి లెక్క

పోటీ పరీక్షలకు చదివే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ముందు ఇది చేసి చూడండి: 1000 − 400 + 300. మీకు 300 వచ్చిందా? అయితే మీరు ఒకప్పటి నా జట్టే.

హాస్టల్లో ఉన్నప్పుడు బాడ్మాస్‌ను పాటలాగా బట్టీ పట్టినాను. బ్రాకెట్లు, ఆఫ్, భాగహారం, గుణకారం, కూడిక, తీసివేత. కూడిక ముందుంది కాబట్టి 400, 300 ముందు కూడేయాలనుకున్నా. పరీక్షలో ఇట్లాంటివి రెండు పోయినాయి. ఎందుకు తప్పని అడగాలంటే భయం. తండా పిల్లోనికి లెక్కలు రావులే అంటారేమోనని.

సెలవులకు ఇంటికి పోయినా. అప్పుడు మా బా గండికోటలో టూరిస్టులకు టెంట్లు వేసే పనికి పోతుండె. ఒక రాత్రి కూలి లెక్క చూడమన్నాడు, చదువుకుంటున్నోన్ని కదా! కూలి వెయ్యి రావాల. ముందే తీసుకున్న నాలుగు నూర్లు పట్టుకుంటారు. రాత్రి కాపలా ఉన్నందుకు మూడు నూర్లు ఇస్తారు. నేను కాగితం మీద వేసి, "మూడు నూర్లు వస్తాయి బా" అన్నా.

మా బా బడి మెట్టు ఎక్కినోడు కాదు. నవ్వను కూడా నవ్వలేదు. "కాపలాకు ఇచ్చేది కూడా పట్టుకుంటారా? తొమ్మిది నూర్లు కదా రావాల" అన్నాడు.

అప్పుడు తెలిసింది. రెండూ పట్టుకుంటే అది 1000 − (400 + 300). బ్రాకెట్ లేకపోతే తీసివేత గుర్తు 400 ఒక్కదానిదే. కూడిక, తీసివేత ఒకే మెట్టు మీద ఉంటాయి, ఎడమ నుంచి కుడికి చేసుకుంటూ పోవాల. భాగహారం, గుణకారం కూడా అంతే. అమెరికా పిల్లల 'పెమ్‌డాస్'లో గుణకారం ముందుంటుంది, అయినా 24 ÷ 4 × 2 అక్కడా ఇక్కడా 12యే. అక్షరాల వరస గుర్తుండటానికి పెట్టుకున్నది, అంతే.

అంగట్లో ఉండే చిన్న కాలిక్యులేటర్‌ను కూడా గుడ్డిగా నమ్మొద్దు. బత్తా 200, మూడు రోజుల కూలి రోజుకు 300 అని 200 + 3 × 300 వరసగా నొక్కితే చాలావాటిలో 60,900 వస్తుంది. నొక్కింది నొక్కినట్టే చేసుకుంటూ పోతుంది అది. ఫోన్‌లో అయితే 1,100. (మా బాకు ఆ 60,900 ఇచ్చుంటే ఎంత బాగుండు.)

తెల్లారి మా బా ఎనిమిది నూర్లే తెచ్చినాడు. టీ ఖర్చు కింద వంద పట్టుకున్నారంట. ఆ గుర్తు నా కాగితంలో లేదు.