‘పడదు’ అంటే సాకు కాదు!

మన ఇళ్లల్లో ‘పడదు’ అన్న మాట రోజుకి పదిసార్లయినా వినిపిస్తుంది. ఒకరికి వంకాయ పడదు, ఒకరికి పెరుగు పడదు, మరొకరికి చల్లగాలి పడదు. అన్నిటికీ ఒకటే మాట వాడతాం కాబట్టి, నిజంగా ప్రమాదం ఉన్నది ఏదో చప్పున తెలియదు. అందులోనూ పండు అంటే అసలు నమ్మం. “పండు పడకపోవడమేమిటి, విడ్డూరం కాకపోతే!” అనేస్తాం.

మా ఆడపడుచు కూతురికి పదేళ్లు. అరటిపండు పెడితే “నాలిక దురదేస్తోంది, గొంతులో గరగరలాడుతోంది” అనేది. “తినకుండా తప్పించుకోడానికి సాకులు” అని వాళ్ల నాయనమ్మ కసిరేది. ఒకసారి పూజ ప్రసాదంలో అరటిపండు కలిసింది. తిన్న పది నిమిషాలకి పెదవులు ఉబ్బాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, గొంతు బొంగురుపోయింది. ఆస్పత్రిలో తొడకి ఇంజక్షన్ చేసి, ఆ రాత్రంతా అట్టేపెట్టుకున్నారు. పిల్ల దక్కింది. ఇప్పుడు ఏ చుట్టాలింటికి వెళ్లినా ఆ నాయనమ్మే “మా పిల్లకి అరటిపండు పెట్టకండమ్మా” అని గడపలోనే చెబుతోంది.

అలాంటి గుర్తులు మీ ఇంట్లోనూ కనిపించవచ్చు. పండు తిన్న కొద్ది నిమిషాల్లో, ఒక్కోసారి రెండు గంటల్లోపు, పెదవులు, నాలిక, అంగిలి, చెవుల లోపల దురద పెట్టడం, మూతి ఎర్రబడటం మొదట వస్తాయి. చిన్నపిల్లలకి ‘దురద’ అని చెప్పడం రాదు. “కారంగా ఉంది”, “ముళ్లు గుచ్చుకుంటున్నాయి” అంటారు. తియ్యటి పండుని కారమంటే నవ్వెయ్యకండి. ఏ పండు తిన్నారో, ఎంతసేపటికి ఏమైందో క్యాలెండర్ మీద రాసిపెట్టండి. డాక్టరుకి ఆ రాత ఎంతో పనికొస్తుంది.

అలాగని ప్రతి దురదకీ హడలిపోనక్కర్లేదు. అనాసపండు ఎక్కువ తింటే ఎవరికైనా నాలిక మండుతుంది. అందులోని ఒక ఎంజైము గుణం అది, అలర్జీ కాదు. మామిడిపండ్ల రోజుల్లో మూతి చుట్టూ పొక్కితే ‘వేడి చేసింది’ అంటాం. చాలాసార్లు అది సొన, తొక్క తగిలి చర్మానికి పడక వచ్చిందే. ఒకటి రెండు రోజుల తర్వాత కూడా బయటపడుతుంది. అలాంటివాళ్లకి పండు కడిగి, తొక్క మీరే తీసి, ముక్కలు కోసి ఇస్తే చాలావరకు ఇబ్బంది ఉండదు. ముక్క తిన్నా నోరు దురదపెడితే మాత్రం మానిపించి డాక్టరుకి చూపించండి.

ఇంకో సంగతి. అరటి, బొప్పాయి, కివీ వంటివి పడనివాళ్లలో కొందరికి రబ్బరు కూడా పడదు. బెలూను ఊదితే పెదవులు వాచే పిల్లలుంటే, పళ్ల డాక్టరుకీ, ఆపరేషన్ చేసేవాళ్లకీ ముందే చెప్పాలి.

దద్దుర్లతోపాటు గొంతు బిగుసుకోవడం, పిల్లికూతలు, ఆయాసం, ఆగని వాంతులు, కళ్లు తిరగడం ఉంటే ఒక్క నిమిషం కూడా ఆలస్యం వద్దు. దురద మాత్ర వేసి చూద్దామని కూర్చోకండి. మాత్ర దురద తగ్గిస్తుందేగాని ఊపిరి నిలబెట్టదు. ఆ సమయంలో కావలసింది అడ్రినలిన్ ఇంజక్షన్. వెంటనే 108కి ఫోన్ చేయండి. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో ఉంచండి, ఆయాసపడుతుంటే కూర్చోబెట్టండి. నడిపించకండి. మజ్జిగా నిమ్మరసం తాగించకండి.

“కొంచెం కొంచెం పెట్టి అలవాటు చేద్దాం” అని ఇంట్లో ప్రయోగాలు చెయ్యొద్దు. భయంతో పళ్లన్నీ మానిపించనూ వద్దు. పడనిదేదో డాక్టరు పరీక్ష చేసి తేలుస్తారు. ఫ్రూట్ సలాడ్, మిల్క్‌షేక్, ప్రసాదం... వీటిలో ఏం కలిసిందో అడిగి పెట్టడం మన వంతు.

పిల్లలు వద్దన్నదల్లా మారాం కాదు. వాళ్ల నాలిక మనకంటే ముందే చెబుతుంది. వినడానికి మనకి కాస్త ఓపిక ఉంటే చాలు, ఏమంటారు?