సత్యమా? అసత్యమా?

గత సంవత్సరము మా పాఠశాలలో పైథాను భాషయందు చిన్న చిన్న ప్రోగ్రాములు వ్రాయ నేర్చుకొంటిని. రెండు విలువలను పోల్చుమన్నచో కంప్యూటరు చెప్పు తీర్పులు రెండే: సత్యము, అసత్యము. సత్యాసత్యములను గణితమువలె సాధింపవచ్చునని చూపిన ఆంగ్ల గణితశాస్త్రజ్ఞుడు జార్జి బూలు. ఆయన ప్రసిద్ధ గ్రంథము 1854లో వెలువడినది.

పైథానులో ఒక సమచిహ్నము ఆజ్ఞ, రెండు సమచిహ్నములు ప్రశ్న. "మార్కులు 35 అగుగాక" అనునది మొదటిది, "మార్కులు 35 అగునా?" అనునది రెండవది. ఇంతమాత్రము తెలియగనే పండితుడనైతినని గర్వించితిని.

మాష్టరుగారు గణితపరీక్ష మార్కుల నిచ్చి, 35 వచ్చిన కృతార్థుల పట్టిక సిద్ధము చేయుమనిరి. మీటలు నొక్కి యిచ్చిన మార్కులను యంత్రము అంకెలుగా గాక అక్షరములుగా గ్రహించును. వానిని సంఖ్యతో పోల్చనని అది మొరాయింపగా, నేను 35నకు సైతము ఉద్ధరణ చిహ్నములు తగిలించితిని. మొరాయింపు మానినది. కాని 9 మార్కులవాడు కృతార్థుడు, 100 మార్కులవాడు తప్పినవాడు! నిఘంటువులో మాటలవలె మొదటి అక్షరమునే చూచి, 3 కంటె 9 పెద్ద, 1 చిన్న యని అది తీర్పు చెప్పినది. తరగతి యంతయు నవ్వినది. మార్కులను సంఖ్యలుగా మార్చి సవరించితిని.

రెండవ తప్పునకు ఎవరును నవ్వలేదు. శుక్రవారము పట్టిక గోడకెక్కెను. ఆదివారము మిత్రుడొకడు వచ్చి, "ఏటిరా, 35 చాలదేటి?" అనెను. నా గుండె ఝల్లుమనెను. "35 అయినను, అంతకు మించినను" అని యడుగవలసిన చోట, "35నకు మించునా?" అని మాత్రమే యడిగితిని. అధికచిహ్నము ప్రక్కన ఒక్క సమచిహ్నము లోపించెను. వాని తండ్రి కళింగపట్టణమున వేటకు పోవు మత్స్యకారుడు. "చదువు చాలు, పడవెక్కు" అని అప్పటికే చెప్పెనట.

వెంటనే వానితో బస్సెక్కి పోయి, తప్పు నాదని ఒప్పుకొంటిని. ఆయన వల బాగుచేయుట ఆపి, "అయితే రేపు బడికెల్తాడు బాబూ" అనెను. నాకు కన్నులు చెమర్చినవి.

సంగతి విని మాష్టరుగారు, "యంత్రము అబద్ధమాడలేదు, నీ వడిగినదానికే జవాబు చెప్పినది. హద్దుమీద నిలిచినవానిని మొదట పరీక్షింపుము" అనిరి.

నాటినుండి ఏ పట్టిక చేసినను 34, 35, 36 ఇచ్చి చూచిన పిమ్మటనే గోడకెక్కించుచున్నాను.