కొండపైనా, కొండ కిందా?

తిరుమల ప్రయాణం పెట్టుకున్నప్పుడల్లా కొండమీద గది దొరుకుతుందా, కింద తిరుపతిలో దిగుదామా అని మా ఇంట్లో ఒక చర్చ నడుస్తుంది. అదే చర్చ ఈసారి అట్లాంటాలో, మా అబ్బాయి ఇంట్లో, డిస్నీ వరల్డ్ గురించి నడిచింది. వాడు లోపలి హోటలే అన్నాడు. కోడలు బయట ఇల్లు అద్దెకు తీసుకుందామంది. "మావయ్యగారూ, మీరే చెప్పండి, రోజూ పిజ్జాలూ బర్గర్లూ తిని ఉండగలరా?" అని నన్ను సాక్ష్యానికి పిలిచింది. ముందు బయట, తర్వాత లోపల అని రాజీ కుదిరింది. రెండూ చూడటం నాకు కలిసొచ్చింది.

బయట అంటే ఫ్లోరిడాలో కిస్సిమీ. అక్కడి 192వ నంబరు రోడ్డుకి అటూ ఇటూ మోటళ్లు, డిస్నీ టికెట్లు చవగ్గా ఇస్తామనే బోర్డులు, బొమ్మల షాపులు. ఒక దుకాణం అయితే సగానికి కోసి బోర్లించిన కమలాపండులా ఉంది. మేం దిగిన ఇంట్లో పెద్ద వంటగది, బట్టలుతికే మిషను, వెనక జాలీ కప్పిన చిన్న ఈతకొలను. మా ఆవిడ చీకటితోనే లేచి పులిహోర కలిపేది. గాజుసీసాలూ మద్యమూ తప్ప తిండి పార్కులోకి తీసుకెళ్లనిస్తారు. గేటు దగ్గర సంచీ చూసిన సెక్యూరిటీ అమ్మాయి డబ్బా మూత తీయమని కూడా అడగలేదు. లోపల ఒక్కపూట మా ఆరుగురికి అయ్యే భోజనం బిల్లు చూశాక, ఆ వంటగది విలువేమిటో మావాడు కూడా ఒప్పుకున్నాడు.

అయితే డిస్నీ పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్ వెళ్లినరోజు కథ వేరు. మిగతా పార్కులకైతే కారు దిగితే గేటు ఎంతో దూరం ఉండదు. ఇక్కడ పార్కింగుకీ గేటుకీ మధ్య సెవెన్ సీస్ లగూన్ అనే పెద్ద చెరువుంది. పార్కింగు డబ్బు కట్టి, కారు ఆపి, ట్రామ్ ఎక్కి, తనిఖీ దాటి, ఆపైన పడవో మోనోరైలో ఎక్కాలి. దూరంగా కోట శిఖరాలు కనబడుతూనే ఉంటాయి, చేరడమే ఎంతకీ కాదు. "తాతయ్యా, ఇంకోటి ఎక్కాలా?" అని మనవడు అప్పటికే నీరసంగా అడుగుతున్నాడు. రాత్రి బాణసంచా అయ్యాక అందరూ ఒక్కసారే వెనక్కి మళ్లుతారు. ఆ పడవ క్యూలో నిద్రపోయిన పిల్లల్ని భుజాన మోస్తున్న తండ్రులు ఎంతమందో!

లోపలా బయటా అనే ఈ తేడాను వాల్ట్ డిస్నీ కావాలనే సృష్టించాడు. కాలిఫోర్నియాలోని ఆనహైమ్‌లో 1955లో డిస్నీల్యాండ్ తెరిచినప్పుడు ఆయన దగ్గరున్నది సుమారు 160 ఎకరాలు. చూస్తుండగానే దాని చుట్టూ ఇతరుల మోటళ్లు లేచాయి. జనం పార్కు కోసం వచ్చేవారు, బస డబ్బు పక్కవాళ్ల గల్లాలో పడేది. డిస్నీల్యాండ్ హోటల్ అని పేరున్నది కూడా వేరేవాళ్లదే, 1988లోగానీ కంపెనీ చేతికి రాలేదు. అందుకే 1960లలో ఫ్లోరిడాలో పేరు బయటపడకుండా వేరే వేరే కంపెనీల ముసుగులో దాదాపు 27,000 ఎకరాలు కొనిపించాడు. 1966లో ఆయన పోయాడు. 1971 అక్టోబర్‌లో పార్కు తెరిచినప్పుడు దాంతోపాటే కాంటెంపరరీ, పాలినీషియన్ అనే రెండు హోటళ్లూ మొదలయ్యాయి. కాంటెంపరరీ భవనం పొట్టలోంచి మోనోరైలు దూరి వెళ్తుంది. ఇప్పుడు ఆ ఆవరణలో ఇరవైకి పైగా హోటళ్లున్నాయి.

వాటిలో చవక రకమైన పాప్ సెంచరీలో మేం దిగాం. చవక అన్నది అక్కడి లెక్కలో. గదికి నలుగురే కాబట్టి రెండు గదులు తీసుకోవాల్సి వచ్చింది. లోపలికి వెళ్లగానే మా ఆవిడ "రెండో మంచమేదీ?" అంది. గోడకున్న బల్లను పట్టుకుని కిందికి లాగితే అదే మంచమైంది. మనవడికి కోటకన్నా అదే పెద్ద వింత, ఎన్నిసార్లు మడిచాడో, ఎన్నిసార్లు దించాడో. వంటగది లేదు, చిన్న ఫ్రిజ్ మాత్రం ఉంది. పెరుగు డబ్బాకి చోటు దొరికింది.

ఈ హోటల్ నుంచి స్కైలైనర్ అని తీగల మీద నడిచే డబ్బాలున్నాయి. మధ్యలో ఒకచోట మారితే మరో రెండు పార్కులైన హాలీవుడ్ స్టూడియోస్‌కో, ఎప్‌కాట్ వెనక గేటుకో చేరుస్తాయి. వాటికి ఏసీ లేదు, కదులుతున్నంతసేపూ గాలి బాగానే ఆడుతుంది. వేసవిలో మధ్యాహ్నం దాటితే ఫ్లోరిడాలో ఉరుములూ మెరుపులూ మామూలే. మెరుపులొస్తే ఈ డబ్బాలను ఆపేస్తారు, అప్పుడు బస్సే గతి. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి వెళ్లే హోటల్ బస్సు మాత్రం చెరువుతో పని లేకుండా సరాసరి గేటు పక్కనే దింపుతుంది.

లోపల ఉన్నవాళ్లను పార్కులోకి అరగంట ముందే వదులుతారు. ఆ అరగంటలో పేరున్న ఆట ఒక్కటైనా పెద్ద వరస లేకుండా అయిపోతుంది. డిస్నీ స్ప్రింగ్స్ అనే చోటు పక్కనున్న బయటి హోటళ్లలో కొన్నింటికీ ఈ సౌకర్యం ఉంది, గది తీసుకునే ముందు అడగాలి. నాకు మాత్రం అంతకన్నా మధ్యాహ్నం నిద్రే గొప్ప లాభంగా తోచింది. ఒంటిగంటకి ఎండ మాడ్చేస్తుంటే గదికొచ్చి, పెరుగన్నం తిని, మోకాళ్లకి కాస్త విశ్రాంతినిచ్చి, మళ్లీ ఐదింటికి వెళ్లాం. కిస్సిమీ నుంచి ఈ పని చేయాలంటే ట్రామూ పడవా కారూ మళ్లీ మొదటినుంచి. ఎవరికి ఓపిక? పొద్దున వెళ్లి రాత్రికే తిరిగొచ్చే కుర్రకారు లోపలి గదికి అంత డబ్బు పోయడం దండగ.

ఖర్చుల మాటకొస్తే, అద్దె ఇంటికి శుభ్రం చేసినందుకు ఒక ఫీజు ఉంటుంది. ఎన్ని రాత్రులున్నా అది ఒకేసారి కాబట్టి ఒకటి రెండు రాత్రులకైతే గిట్టదు, వారం ఉంటే తెలియదు. బయటి హోటళ్లలో 2025 దాకా చూపించిన రేటు మీద రిసార్ట్ ఫీజు అని చివర్లో తగిలించేవారు. షటిల్ ఉందని రాసి ఉంటే రోజుకు ఎన్నిసార్లో అడగండి. విమానంలో వచ్చి లోపల దిగేవాళ్లకు డిస్నీ నడిపిన ఉచిత బస్సు 2022 మొదట్లో ఆగిపోయింది, టాక్సీ ఖర్చూ కలుపుకోవాలి.

డిస్నీకి దగ్గర్లోనే వేరే పార్కులున్న యూనివర్సల్‌కి వెళ్లేటట్టయితే లెక్క తిరగబడుతుంది. అక్కడ పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ అనే మూడు ఖరీదైన హోటళ్లలో దిగితే ఆ గదిలో ఉన్న అందరికీ పెద్ద వరస తప్పించే ఎక్స్‌ప్రెస్ పాసు ఉచితం. 2025లో తెరిచిన ఎపిక్ యూనివర్స్‌లో అది చెల్లదు, పాత రెండు పార్కుల్లోనే. దిగినరోజూ ఖాళీ చేసినరోజూ కూడా పాసు పనిచేస్తుంది కాబట్టి ఒక్క రాత్రికి గది తీసుకుంటే రెండు రోజులు గడిచిపోతాయి. విడిగా ఆరు పాసులు కొంటే ఎంతవుతుందో చూసి, ఈసారి లోపలే ఉందామని కోడలే ముందుగా అంది.