పదమూడవ నంబరు గది

బి.బి.సి. అనగానే మనవారికి జ్ఞాపకం వచ్చేది వార్తలు. అయితే ఆ సంస్థలోనే నలభైయేళ్లపాటు కొందరు ఉద్యోగులు వార్తలతో నిమిత్తం లేకుండా, కేవలం వింత శబ్దాలు తయారుచేసి నెలజీతం పుచ్చుకున్నారని చెబితే మా ఆఫీసులో ఎవరూ నమ్మలేదు. "ఆ ఉద్యోగానికి దరఖాస్తు ఎక్కడ పెట్టుకోవాలండీ?" అన్నాడు పక్కసీటు గుమాస్తా.

మాకు ఈ సంగతి అంటించినవాడు మా మేనల్లుడు. సెలవులకు బరంపురం వచ్చి, "మామయ్యా, ఒక్కసారి వినండి" అని చెవులకు తగిలించాడు. అది 'డాక్టర్ హూ' అనే బ్రిటిషు టెలివిజన్ నాటకానికి ముందు వచ్చే సంగీతం. వీణ కాదు, వయొలిన్ కాదు, హార్మోనియం అసలే కాదు. దయ్యాలు కూడి కచేరీ పెట్టుకున్నట్టున్నది; అయినా తాళం ఎక్కడా తప్పలేదు. ఏ వాద్యమయ్యా ఇది అంటే వాద్యమే లేదన్నాడు. ఆ తరువాత నాలుగు రాత్రులు మేము దీని గురించి చదువుతూ కూర్చున్నాము. ఇంట్లో చీవాట్లు తినవలసి వచ్చింది. అది వేరే కథ.

ఆ శాఖ పేరు రేడియోఫోనిక్ వర్క్‌షాప్. 1958 ఏప్రిల్ 1వ తేదీన లండనులోని మేడా వేల్ స్టూడియోలలో ప్రారంభమయింది. తేదీ చూసి నవ్వుకోవద్దు. ఆ భవనం 1909లో చక్రాల బూట్లతో జారే ఆటకోసం కట్టినది. పొడవాటి నడవలు గలది. అందులో పదమూడవ నంబరు గది వీరిది. రేడియో నాటకాలలో మనిషి మనసులోని కల్లోలం, పీడకల వంటివి వినిపించటానికి మామూలు వాద్యాలు చాలవని పట్టుబట్టి ఈ శాఖను సాధించినవారు డాఫ్నీ ఓరం అనే ఆమె, డెస్మండ్ బ్రిస్కో అనే ఆయన. ఇతర శాఖలు వద్దని పారవేసిన పాత యంత్రాలే వీరికి మూలధనం. ఆ శబ్దాల మధ్య ఎక్కువకాలం ఉంటే మతి చలిస్తుందేమోనని మొదట్లో మనిషిని మూడు నెలలకు మించి ఉంచకూడదనుకున్నారట! ఓరం మరుసటి ఏడే ఉద్యోగం వదలి, కెంటు ప్రాంతంలో సొంత స్టూడియో పెట్టుకొని, ఫిల్ము మీద గీతలు గీసి వాటినే శబ్దంగా మార్చే యంత్రం తయారుచేసుకున్నది.

ఇక డీలియా డెర్బీషైర్ సంగతి. 1937లో కవెంట్రీలో పుట్టి, కేంబ్రిడ్జిలో లెక్కలూ సంగీతమూ చదివిన మనిషి. 1959లో ఒక పెద్ద గ్రామఫోను కంపెనీకి వెళితే, రికార్డింగు గదిలోకి ఆడవారిని తీసుకోమన్నారట. 1962లో ఈ వర్క్‌షాపుకు వచ్చింది. ఆమెకు ఒక రేకు దీపపుబుట్ట మీద మహా ప్రీతి. ఆకుపచ్చరంగు, మామూలు ఆఫీసు సరుకు. దానిని కొడితే గంటలాగ మోగేది. ఆ మోతను టేపు మీద పట్టి, దెబ్బ పడిన మొదటి క్షణాన్ని కత్తిరించి పారవేసి, మిగిలిన గుంయిమనే నాదాన్ని మాత్రం వాడుకునేది.

1963లో రాన్ గ్రెయినర్ అనే సంగీతకర్త 'డాక్టర్ హూ' వరుసను కాగితం మీద వ్రాసి ఆమెకిచ్చాడు. అప్పటికి మీట నొక్కితే పలికే సింథసైజరు ఆ గదిలో లేదు. ఒక తీగను మీటి పట్టిన శబ్దం, ఇంజనీర్లు పరీక్షలకు వాడే ఆసిలేటర్ల కూత, వడగట్టిన హోరు — ఇవే సామగ్రి. టేపును వేగంగా నడిపితే స్వరం పైకి పోతుంది, మెల్లగా నడిపితే దిగుతుంది. అలా ఒక్కొక్క స్వరాన్ని విడిగా తయారుచేసి, ఎంతసేపు పలకాలో అంత పొడవు టేపు కొలిచి, బ్లేడుతో కోసి, అతికించి, వరుస కట్టారు. ఆమెకు సహాయకుడు డిక్ మిల్స్. అన్నీ అయిన తరువాత ఎక్కడో ఒక స్వరం తప్పు పలికింది. ఏ టేపులో, ఏ అతుకు దగ్గరో తెలియదు. ఇద్దరూ ఆ చుట్టలను విప్పి, పొడవాటి నడవలో పక్కపక్కన పరచి, అతుకు అతుకూ సరిచూస్తూ నడిచి దాన్ని పట్టుకున్నారట.

మార్చి నెలాఖరున పన్నెండు రూపాయల తేడా కోసం రిజిస్టర్లన్నీ బల్లమీద పరచి వేలు పెట్టి చూసుకుంటూ పోయిన వారికి ఆ నడక ఎంత దూరమో వేరే చెప్పనక్కరలేదు.

తయారైనది విని గ్రెయినర్ ఆశ్చర్యపోయి, ఇది నేను వ్రాసినదేనా అని అడిగాడట. రాబడిలో సగం ఆమెకు ఇవ్వాలన్నాడు. సంస్థవారు ఒప్పుకోలేదు. వర్క్‌షాపు మనుషుల పేర్లు బయటికి రాకూడదు, శాఖ పేరు మాత్రమే రావాలని నియమం. 1963 నవంబరు 23న ఆ నాటకం మొదలయింది. ఆ సంగీతం విన్నవారికి చేసిన మనిషి పేరు తెలియదు.

ఇక్కడ మేము పుస్తకం మూసి కొంచెంసేపు ఊరకున్నాము. గుమాస్తాలము, ముసాయిదా మాది, సంతకం పైవారిది. దానికి మాకు బాధ లేదు. అయితే ఒకప్పుడు మేము పనిచేసిన ఒకచోట, చెదలు పట్టిన రికార్డుగదిని ఆరునెలలు దులిపి, ఒడియాలోను ఇంగ్లీషులోను ఒక సూచిక తయారుచేశాము. అది అచ్చయి వచ్చింది. అట్టమీద, లోపల, ఎక్కడా మా పేరు లేదు. ఆ గది గుమ్మం తొక్కని వారి పేర్లు మాత్రం మూడున్నవి. ప్రతి ఒకటి ఇంటికి తెచ్చాము. మా ఇంటావిడ మొదటి పేజీనుంచి చివరిదాకా తిప్పి, "మీరు వ్రాసింది ఏదండీ?" అన్నది. అంతా అని చెప్పాము. అటువంటి నియమాన్ని వినయమని మెచ్చుకునేవారు ఉన్నారు. మేము మాత్రం ఆ మాట ఒప్పుకోము.

డెర్బీషైర్ 1973లో ఉద్యోగం వదిలింది. తరువాత గ్యాసు గొట్టాలు వేసేచోట రేడియో ఆపరేటరుగా కూడా పనిచేసింది. 2001లో కాలం చేసింది. ఇంటి అటకమీద 267 టేపులు దొరికాయి. 2013లో, ఆ నాటకానికి యాభైయేళ్లు నిండిన ప్రత్యేక ప్రసారంలో, మొదటిసారి తెరమీద ఆమె పేరు వేశారు. అప్పటికి ఆమె పోయి పన్నెండేళ్లు.

వర్క్‌షాపు కూడా నిలువలేదు. ప్రతి శాఖా తన ఖర్చు తానే రాబట్టుకోవాలన్న పద్ధతి వచ్చాక, 1998లో మూసివేశారు. తరువాత 2009లో, లండనులోని రౌండ్‌హౌస్ అనే పెద్ద శాలలో, పాత ఉద్యోగులు కొందరు చేరి కచేరీ చేశారు. వెనుక నడవలో టేపు పరచుకొని వంగి నడిచిన డిక్ మిల్స్ కూడా అందులో ఉన్నారు. ఈసారి వాయించేది ఎవరెవరో శాలలోని వారందరికీ తెలుసు.