పోతన పొలంలో నాయిన

గుడి గోపురాల కోసం తిరిగేవాళ్ళకు బమ్మెర అంతగా నచ్చకపోవచ్చు. జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో చిన్న ఊరు. పొలాలు, తాటిచెట్లు, పోతనది అని చెప్పే సమాధి. ‘ఇదిగో, ఇదే ఆయన దున్నిన భూమి’ అని ఊరివాళ్ళు చూపించే చెలక. అంతే. అయితే తెలుగులో దేవుణ్ణి అంత దగ్గరగా పిలిచిన కవి ఎక్కడి మట్టి తొక్కాడో చూడాలనుకుంటే మాత్రం ఒక ఆదివారం కేటాయించొచ్చు. హైదరాబాద్ నుంచి వరంగల్ హైవే మీద జనగామ 85 కిలోమీటర్లు ఉంటుంది. అక్కడి నుంచి పాలకుర్తి రోడ్డు పట్టుకోవాలి.

నేను మా నాయిన్ని తీసుకెళ్ళాను. కారణం పోతన ఒక్కడే కాదు. ఊళ్ళో మాకు రెండెకరాలుంది. అది అమ్మి హైదరాబాద్‌లో ఫ్లాట్‌కి కడదామని సంక్రాంతి నుంచీ ఇంట్లో ఒకటే ముచ్చట. అమ్మ సరేనంది. బ్యాంకు లోను ఎంత తగ్గుతుందో నేను ఎక్సెల్ షీట్ కూడా వేశాను. నాయిన మాత్రం అవునని గానీ కాదని గానీ అనడు. దారి పొడవునా వెంచర్ల బోర్డులు చదువుకుంటూ కూర్చున్నాడు.

పోతన 15వ శతాబ్దం వాడు. పుట్టింది శివభక్తుల ఇంట్లో. భాగవతం కన్నా ముందు ‘వీరభద్ర విజయం’ రాశాడు. ఒక చంద్రగ్రహణం రాత్రి నదిలో స్నానం చేసి ఇసుకతిన్నె మీద ధ్యానంలో ఉండగా రాముడు కనిపించి భాగవతాన్ని తెలుగు చేయమన్నాడని ఆయనే రాసుకున్నాడు. ఊళ్ళూ వాహనాలూ పుచ్చుకుని రాజులకు కావ్యం ఇవ్వడం తనకు ఇష్టం లేదని కూడా అక్కడే చెప్పేశాడు. రాచకొండ సింగభూపాలుడు అడిగితే ఇవ్వలేదని, ఆ కోపంతో రాజు పుస్తకాన్ని పాతిపెట్టించాడని, కొంత చెదల పాలైందని మనవైపు కథ. కథ సంగతి ఎలా ఉన్నా 12 స్కంధాల్లో 5, 6, 11, 12 పోతనవి కావు. గంగన, సింగన, నారయ పూర్తి చేశారు. కడప జిల్లావాళ్ళు పోతనది ఒంటిమిట్ట అంటారు. ఆ తగువు పండితులకే వదిలేద్దాం. నాకు మాత్రం ఈ చెలకల్లో నిలబడితే ఎనిమిదో స్కంధంలోని గజేంద్ర మోక్షం ఇంకోలా అర్థమైంది.

పోతన ఆ కథను సంస్కృత మూలంకన్నా బాగా పెంచి రాశాడు. బళ్ళో మాకు చెప్పింది మొర పెట్టుకోవడం, విష్ణువు లక్ష్మికి కూడా చెప్పకుండా పరుగెత్తుకు రావడం. ఆ పద్యాలు కంఠతా పట్టాం, మార్కులు వేయించుకున్నాం. దానికి ముందు ఉన్న అడవి, దాహంతో మడుగులో దిగిన ఏనుగుల గుంపు, నీళ్ళు చిమ్ముకుంటూ ఆడుకోవడం, అదంతా వర్ణనే కదా అని దాటేశాం. సమాధి పక్కన చెట్టు నీడలో కూర్చుని ఆ కథ నాయినకు చెప్పాను. ఆయన ఐదో తరగతితో చదువు ఆపేసినవాడు.

“మొసలి బలం పెరుగుకుంట పోయింది, ఏనుగుది తగ్గుకుంట పోయిందని రాసిండా?” అని అడిగాడు.

“అవును.”

“రాస్తడు మరి. చెరువుల బర్రె దిగబడ్డప్పుడు చూడలే? గుంజుకున్నకొద్దీ లోపలికి పోతది. గట్టు మీద ఎంత బలముంటేంది, బురదల పనికిరాదు.”

పోతన అలాంటి బర్రెను చూశాడో లేదో నాకేం తెలుసు! కానీ ఎండాకాలంలో అడుగంటే చెరువుల సీమ ఇది. ఇక్కడ నీళ్ళంటే ప్రాణం, దిగబడితే ప్రాణగండం కూడా. ఏనుగు దేవుణ్ణి పిలిచేది తన బలమంతా అయిపోయాకే. అసలు వింటున్నాడా, ఉన్నాడా లేడా అన్న అనుమానం కూడా దాని నోట పలికించాడు పోతన. నాకు ఆయన భక్తిలో బాగా నచ్చేది అదే. అనుమానాన్ని దాచుకోలేదు.

తర్వాత నాయిన లేచి పక్క చేనులో మందు కొడుతున్న పెద్దాయన దగ్గరికి వెళ్ళాడు. “బోరు ఎన్ని ఫీట్లకు పడ్డది?” దగ్గర దగ్గర ముప్పావు గంట మాట్లాడుకున్నారు. పోతన ప్రస్తావన ఒక్కసారి కూడా రాలేదు.

పాలకుర్తిలో ఆగకుండా రావొద్దు. ఊరి గుట్ట మీద సోమేశ్వరుడూ లక్ష్మీనరసింహుడూ ఒకే చోట ఉంటారు. శైవుల ఇంట పుట్టి హరికథ చెప్పిన కవి ఊరు కొద్ది దూరంలోనే ఉండటం యాదృచ్ఛికమే కావొచ్చు. ‘బసవ పురాణం’ రాసిన సోమనాథుడిదీ పాలకుర్తే. 1940ల్లో విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి నాలుగెకరాల పంట దక్కించుకున్న చాకలి ఐలమ్మదీ ఈ ఊరే. ఆమె పేరు నాయినకు నేను చెప్పాల్సిన పని లేదు. గుట్ట దిగేటప్పుడు మెట్ల మీద ఆగి, “నాలుగెకరాలకే అంత కొట్లాట” అన్నాడు, నన్ను కాదు, ఎటో చూస్తూ.

జనగామలో టీ తాగేటప్పుడు తనే మొదలుపెట్టాడు. “ఒక ఎకరం అమ్ముదాం బిడ్డా.”

“ఏ ఎకరం? బోరున్నదా, లేనిదా?”

“బోరున్నది అమ్మినంక ఇంకేం మిగుల్తది?”

బోరు లేనిదానికి అంత ధర రాదు. ఎక్సెల్ షీట్‌లో మూడు బెడ్‌రూములు రెండయ్యాయి. అమ్మకు ఇంకా చెప్పలేదు.