అటకెక్కని పలక

మంచుకు మన నిఘంటువుల్లో మాటల కొదవ లేదు. హిమం, తుహినం, తుషారం, నీహారం, ప్రాలేయం - తరగతిలో ఇవన్నీ ఏకబిగిని అప్పగించే మాస్టర్లలో నేనూ ఒకణ్ణి. తీరా వ్యవహారంలోకి దిగితే, హిమాలయాల మీద దూదిలా రాలేదీ మంచే, ధనుర్మాసంలో మా మారేడుపల్లి వీధుల్ని కమ్మేదీ మంచే. పాపం, తెలుగువాడికి అంతకన్న అవసరమేం వచ్చింది గనక!

ఆ అవసరం ఇప్పుడు మా ఇంటికి వచ్చిపడింది. ఇంజనీరింగు చదువుతున్న మా అమ్మాయి రెండేళ్లుగా మార్చి నెలాఖరున కాశ్మీరులోని గుల్‌మార్గు వెళ్లి స్నోబోర్డింగు నేర్చుకుంటోంది. ఈసారి ఓ పాతబోర్డు కొని వెంట తెచ్చుకుంది. గడ్డం దాకా వచ్చే పలక. దానిమీద రెండు పాదాలూ అడ్డంగా బిగించుకుని మంచువాలు మీద జారడమే ఆట. 1965లో అమెరికాలోని మస్కీగన్ అనే వూళ్లో షెర్మన్ పాపెన్ అనే ఆయన క్రిస్మసునాడు కూతుళ్ల కోసం రెండు స్కీలను జతచేసి ఓ ఆటవస్తువు తయారుచేశాడు. అదీ దీనికి మూలం. 1998లో నాగానోలో ఒలింపిక్సు దాకా వెళ్లింది. చూశారా, ఇదీ ఓ తండ్రి తెచ్చిపెట్టిన తంటాయే!

మార్చి ఆఖరంటే అక్కడ మంచుకు అవసానకాలం. పగటి ఎండకు పైపొర కరుగుతుంది. రాత్రి చలికి మళ్లీ గడ్డకడుతుంది. ఇలా నాలుగురోజులు జరిగేసరికి మెత్తని పొడి కాస్తా గుండ్రటి పలుకులవుతుంది.

"పొద్దున్నే గట్టిగా వుంటుంది నాన్నా, బోర్డు అంచు దిగదు. పది, పదకొండింటికి పైన ఓ అంగుళం మెత్తబడుతుంది. అప్పుడు జారాలి! మధ్యాహ్నం దాటితే అంతా నీళ్లు, బోర్డును అడుగునుంచి ఎవరో పట్టి లాగినట్టు ఆగిపోతుంది" అంది.

బియ్యం ఏరుతున్న మా అమ్మ తలెత్తకుండానే, "అంటే పొద్దున్న కలకండ, పదింటికి బొంబాయిరవ్వ, మధ్యాహ్నానికి జావ" అంది. ఎమ్మే చదివిన నేను ఆ మూడు మాటలూ కాగితం మీద రాసుకున్నాను.

కాని నా బెంగ జావ గురించే. నీళ్లు పట్టి బరువెక్కిన మంచు కొండవాలు మీద నిలవక జారిపడుతుందట. చలికాలంలో మాత్రం భద్రమా అంటే, 2023 ఫిబ్రవరి 1న గుల్‌మార్గు పైనున్న అఫర్వాత్ కొండమీద మంచుచరియ పడి పోలెండు దేశస్థులు ఇద్దరు పోయారు. ఆ వార్త తెలిసినప్పటినుంచి, "ఆ పలక ఎవరికైనా ఇచ్చెయ్యమ్మా" అనే మాట నా నాలుక చివర వుంది.

ఈలోగా దాన్ని ఎక్కడ పెట్టాలన్న సమస్య వచ్చింది. "అటకెక్కించండి" అంది మా ఆవిడ. అమ్మాయి లబలబలాడింది. లోపల చెక్క, పైనా కిందా గాజునార, వాటిని కలిపే జిగురు, అడుగున ప్లాస్టిక్కు, చుట్టూ ఉక్కు అంచు - ఇదీ దాని నిర్మాణం. సికిందరాబాదు మే నెల ఎండకు డాబా కింది అటక పెనంలా కాలుతుంది. జిగురు వదిలి పొరలు విడిపోవచ్చు, పలక వంకరపోవచ్చు. తర్వాత వానాకాలం వస్తే ఉక్కుకు తుప్పు.

"కత్తిపీటకు నూనె రాసి దాచినట్టే కదుటే" అంది అమ్మ. సరిగ్గా అంతే. అమ్మాయి ముందు తడిబట్టతో మురికి తుడిచి ఆరబెట్టింది. అంచు మీది తుప్పుమచ్చల్ని రుద్ది తీసింది. బోర్డుకని అమ్మే మైనాన్ని పాత ఇస్త్రీపెట్టెతో కరిగించి, పొగ రాకుండా, పెట్టెను ఒకచోట ఆపకుండా, అడుగంతా అంచులతో సహా మందంగా పట్టించింది. జారేముందు దాన్ని గీకెయ్యాలి గాని, దాచేటప్పుడు అలాగే వుంచెయ్యాలట. కాళ్లు బిగించే పట్టీల మరలు వదులు చేసింది. బూట్ల లోపలి మెత్తలు తీసి నీడన ఆరేసింది.

అడుగున ఓ లోతైన గీత కనబడి ఇదేమిటన్నాను. మంచు పలచబడి రాళ్లు తేలాయట. 2025లో అక్కడ ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్నే మంచు చాలక ఫిబ్రవరినుంచి మార్చికి వాయిదా వేశారు. "ఆ రాయి చూశాక ఆ రోజుకు చాలని దిగిపోయాను నాన్నా. మిగతావాళ్లు ఇంకో గంట వున్నారు" అంది, అంచు తుడుస్తూనే.

నా నాలుక చివరి మాట అక్కడే ఆగిపోయింది. వూరికే వుండలేక, "పన్నెండు కొట్టేసరికి కింద వుండాలి" అన్నాను. "సరే" అంది.

పలక ఇప్పుడు మా అమ్మ గదిలో, మంచం కింద, పట్టుచీరల పెట్టె పక్కన పాత నేతచీర చుట్టుకుని వుంది. ఇంట్లో చల్లనిచోటు అదే. మొన్న అమ్మ అడిగింది: "ఆ మైనం గీకేది ఎప్పుడే?"

"మార్చిలో, నాయనమ్మా."

"అయితే జనవరిలోనే మీ నాన్నచేత టిక్కెట్టు కొనిపించు. జావ అయ్యాక వెళ్లి ఏం లాభం?"