కారెంపూడి కొణతాలు

మా మేనల్లుడు డెన్మార్కులో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ మధ్య రీబె అనే వూరి దగ్గర వైకింగుల గ్రామం చూసివచ్చి, ఫోటోలు పంపించాడు. వెయ్యేళ్ళ క్రిందటి ఇళ్ళవంటి ఇళ్ళు కట్టి, ఆనాటి బట్టలు తొడుక్కుని, కొందరు కొలిమి దగ్గర పనిచేస్తారట, కొందరు రొట్టెలు కాలుస్తారట, కొందరు కత్తులు దూసి పోరాడతారట. "మనకిలాంటిది లేదేం మావయ్యా?" అని అడిగాడు.

పద్దెనిమిదేళ్ళుగా గుంటూరులో పల్నాటి వీరచరిత్ర పాఠం చెబుతున్నవాణ్ణి. నాకు పౌరుషం రాదూ? వచ్చింది గాని, కారెంపూడి తిరునాళ్ళు నేను చూసింది చిన్నప్పుడు తాతగారి భుజమెక్కి మాత్రమే. ఆ సంగతి వాడికి చెప్పలేదు లెండి.

కార్తీక అమావాస్యనాడు మొదలై అయిదురోజులు సాగుతుంది ఆ ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకొక పేరు. నాకు సెలవు దొరికింది మూడోరోజుకు. ఫ్లాస్కుతో కాఫీ, మా ఆవిడతో సహా తెల్లవారుజామున బస్సెక్కాను. నరసరావుపేట దాటాక రోడ్డుకిరువైపులా ప్రత్తి తెల్లగా విచ్చుకుని వుంది. మిరప ఇంకా పచ్చిమీదే వుంది. 2022లో పల్నాడు వేరే జిల్లా అయినా, మా ఆవిడ తన పుట్టిల్లు గుంటూరు జిల్లా అనే చెబుతుంది.

పన్నెండో శతాబ్దంలో గురజాలవారికీ మాచెర్లవారికీ, అనగా దాయాదులకే, యుద్ధం జరిగింది ఈ నేలమీదే. ఒక ప్రక్క నాగమ్మ, ఒక ప్రక్క బ్రహ్మనాయుడు. చచ్చిపోయినవారు నాగులేటి ఒడ్డున వీరుల గుడిలో రాళ్ళై కూర్చున్నారు. వారి ఆయుధాలను కొణతాలంటారు. వాటిని తరతరాలుగా కాపాడే వీరాచారవంతులు ఊరూరినుంచీ మోసుకొస్తారు. కొణతాన్ని ఆయుధమని ఎవరూ అనుకోరు, అది వీరుడే. పసుపు, కుంకుమ, పూలదండ, దణ్ణం అన్నీ దానికే.

నేను ఊరుకోక ఒక ముసలాయనతో, "కథలో కోడిపోరు ముందు గదా తాతా, మందపోరు తరువాత గదా? ఇక్కడ తల్లక్రిందులైందేం?" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మా తాతలనాడూ ఇంతేనయ్యా," అన్నాడు. శ్రీనాథుడి ద్విపద మీద నేను రాసుకున్న నోట్సంతా ఆ ఒక్కమాటతో సంచిలోకి పోయింది.

ఇంతలో మా పెదనాన్నగారి అబ్బాయి కనిపించాడు. ఎడమచేత్తో కుడిభుజం పట్టుకుని గుడిగోడకు ఆనుకుని వున్నాడు. తాతగారి తరువాత మా కొణతం వారింటికే పోయింది. మొన్న మిరపతోటలో పడి భుజం తొలిగిందట. కొడుకు బెంగుళూరులో వున్నాడు, సెలవు దొరకలేదట.

"నువ్వు పట్టుకోరా తమ్ముడూ, నాగులేటి దాకా," అన్నాడు.

నిజం చెప్పొద్దూ, నాకు సిగ్గేసింది. తరగతిలో బాలచంద్రుడు యుద్ధానికి బయలుదేరే ఘట్టం చెబుతూ బల్లమీద చెయ్యి చరిచేవాణ్ణి. ఇప్పుడేమో నా విద్యార్థులెవరైనా చూస్తారేమోనని చుట్టూ చూశాను. మా ఆవిడ ఒక్కమాటా అనకుండా చెయ్యి చాచింది, చెప్పులివ్వమని.

అంత బరువుంటుందని అనుకోలేదు. డప్పుల మోత చెవులు దిమ్మెత్తిస్తోంది. నా ముందు ఒక కుర్రాడు కొణతాన్ని గుండెకు హత్తుకుని పూనకంతో ఊగుతున్నాడు. నాకు పూనకం రాలేదు, అరికాళ్ళు మాత్రం మండాయి. దారిలో ఒకావిడ బిందెతో నీళ్ళు తెచ్చి నా కాళ్ళమీద పోసి, దణ్ణం పెట్టింది. నాకు కాదని తెలుసు. అయినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మధ్యాహ్నం చాపకూడు. కులం అడగకుండా అందరినీ ఒకే చాపమీద కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి పేరిట జరిగే భోజనం అది. నా ప్రక్కన కూర్చున్నది ఇందాకటి ముసలాయనే. "భుజం నొప్పా?" అని అడిగి, తన విస్తట్లోని ముద్ద ఒకటి నా విస్తట్లో వేశాడు.

తిరుగు ప్రయాణంలో బస్సులోనే మేనల్లుడికి జవాబు రాశాను. ఫోటోలేవీ పంపలేదు. వచ్చే ఏడు కార్తీక అమావాస్య ఎప్పుడో చూసి, సెలవుకు ఇప్పుడే అర్జీ పెట్టుకోమన్నాను.